బొబ్బరాకు మీద చుక్కలు

పోయిన వారం మనం హైమను దోమతెర గది ముందు, తాళంచెవి చేతిలో ఉండగా వదిలాం. ఆమె ఆ తలుపు తీసేలోగా, మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకోవాలి.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట తాటివాగు అనే ఊరుంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూములు కొన్న వెంకటనారాయణ వరి మానేసి నాలుగెకరాల్లో పుదీనా వేశాడు. తెల్లవారకముందే బస్సు మీద వెళ్ళే ఆయన కట్టల కోసం పాల్వంచ, కొత్తగూడెం కాలనీల్లో ఆడవాళ్ళు ఎదురుచూసేవారు. చలి ముదిరేసరికి ఆ పుదీనా ఆకుల మీద పసుపు మచ్చలు దేరాయి. ఆకులు దారప్పోగుల్లా సన్నబడి మెలికలు తిరిగాయి. పక్క చేను రూప్లాది. తండా మనిషి, వీపున పంపు తగిలించుకుని ఊళ్ళో అందరికీ కూలికి మందు కొట్టేవాడు. వాగు నీళ్ళ దగ్గర ఇద్దరికీ ఏనాటి నుంచో పడదు. నా చేను మీద కలుపుమందు కొట్టి నాశనం చేశాడని వెంకటనారాయణ ఫిర్యాదు చేశాడు. రూప్లాను పోలీసులు తీసుకుపోయారు.

కలుపుమందు సోకినా, వైరస్ తెగులు సోకినా ఆకు ఇంచుమించు ఒకేలా మెలిక పడుతుంది. రెండిట్లో ఏదో తేల్చి చెప్పండని ఎస్సై తాటివాగు ఉద్యాన క్షేత్రాన్ని అడిగాడు. అక్కడ తెగుళ్ళ పని చూసే హైమ, పరీక్ష చేయనిదే నోరు విప్పనని గడువు అడిగింది. ఆ గడువు ఇవాళ్టితో తీరింది.

హైమ తాళం తీసింది.

లోపల తడిమట్టి వాసన. తెల్లటి తెరలోంచి పొద్దుటి ఎండ పల్చగా పడుతోంది. బల్ల మీద కుండీలు మూడు వరుసలుగా ఉన్నాయి. అన్నిట్లోనూ బొబ్బర మొక్కలే, ఒక్కోదానికి రెండేసి లేతాకులు.

బొబ్బర మొక్కకు ఒక గుణం ఉంది. పుదీనాను ఇలా మెలిపెట్టే వైరస్ ఉన్న పసరును దాని లేతాకు మీద రుద్దితే, రెండు మూడు రోజుల్లో ఆ రుద్దినచోటనే గోధుమరంగు చుక్కలు లేస్తాయి. కలుపుమందుకు ఆకు ముడుచుకుంటుందే తప్ప ఆ చుక్కలు రావు. హైమ మొదటి వరుసకు వెంకటనారాయణ చేలోని జబ్బు పుదీనా పసరు రుద్దింది. రెండో వరుసకు క్షేత్రంలోని తల్లిమడి పుదీనా పసరు రుద్దింది. రైతులకు పిలకలు ఇచ్చేది ఆ మడిలోంచే. జబ్బు ఆకును పోల్చి చూడాలంటే జబ్బులేని ఆకు ఒకటి కావాలి కదా, అందుకని. మూడో వరుసకు పసరేమీ లేదు, పసరు కలిపే నీళ్ళు మాత్రమే. వీటికి దూరంగా కిటికీ పక్కన పెట్టిన ఒక్క కుండీ మీద కలుపుమందు చల్లింది, ఆ మందు పడ్డ ఆకు పసరును మూడో వరుస చివరి మొక్కకు మాత్రం రుద్దింది.

ముందు ఆ కుండీ దగ్గరికే వెళ్ళింది. ఆకులు కప్పులా లోపలికి ముడుచుకుని ఉన్నాయి. చుక్క ఒక్కటి లేదు.

మొదటి వరుస ముందు వంగింది. ఆకుల నిండా ఆవగింజలు చల్లినట్టు చుక్కలు. ఒక మొక్క చూసింది, పక్కది చూసింది, చివరిదాకా చూసింది. అన్నిటి మీదా ఉన్నాయి.

"కొట్టలేదు," అంది పైకే. "ఆ మనిషి కొట్టలేదు."

గుండెల మీంచి బరువు దించినట్టయింది. రూప్లా భార్య ద్వాలి రోజూ పొద్దున్నే వచ్చి గేటు పక్కన గొంతుకూర్చునేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. హైమ వెళ్తుంటే లేచి నిలబడేది, దాటిపోయాక కూర్చునేది. ఇవాళ ఆమెకు చెప్పడానికి ఒక మాట దొరికింది.

తలుపు వైపు తిరగబోతూ, ఊరికే అలవాటు కొద్దీ రెండో వరుస వంక చూసింది.

అక్కడా చుక్కలున్నాయి.

మొదటి వరుసలో ఉన్నంత దట్టంగా లేవు. కానీ అదే రంగు, అదే గుండ్రన, రుద్దిన చోటనే. హైమ వేలితో తుడిచి చూసింది. మట్టి కాదు. కుండీని వెలుతురుకు ఎత్తి పట్టి ఆకులు తిప్పి చూసింది.

ఏదో పొరపాటు చేసి ఉంటానని ముందు తన మీదే అనుమానపడింది. జబ్బు పసరు ఎక్కడో చేతికి అంటుకుని మంచి మొక్కలకు సోకిందేమో. ఆ రోజు చేసిన పనిని మొదటి నుంచి గుర్తు చేసుకుంది. మంచి ఆకును ముందు నూరాలి, జబ్బు ఆకును తర్వాత నూరాలి. చదువుకునేటప్పుడు గురువులు చెవిలో పోరి పోరి చెప్పిన మాట అది. తల్లిమడి ఆకునే ముందు నూరింది. అప్పటికి జబ్బు ఆకు సంచిలోంచి బయటికే రాలేదు. కల్వాలు వేరు. చేతులు సబ్బుతో కడిగింది. పైగా అవే చేతులతో రుద్దిన మూడో వరుస ఆకులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

పరీక్ష తప్పు కాదు. తల్లిమడికే జబ్బుంది.

ఆ మాట మనసులోకి రాగానే గబగబా పక్క గదిలోకి వెళ్ళింది. అక్కడ గాజుపళ్ళెంలో జెల్లీ పోసి, దానిలో చిన్న చిన్న గుంటలు చేసి పెట్టిన రెండో పరీక్ష ఉంది. బొబ్బరాకు చుక్కలు వైరస్ ఉందని చెబుతాయి. ఏ వైరస్ అన్నది ఈ పళ్ళెం చెప్పాలి. నడిమి గుంటలో హైదరాబాదు నుంచి తెచ్చుకున్న సీరం వేసింది. దోస జాతిని పట్టే మొజాయిక్ వైరస్‌ను మాత్రమే గుర్తుపట్టే సీరం అది. దాని ఎదురుగా పక్కపక్క గుంటల్లో ఒకదాంట్లో వెంకటనారాయణ చేని పసరు, మరోదాంట్లో తల్లిమడి పసరు పోసింది. సీరానికి తన వైరస్ ఎదురైతే ఆ రెంటి నడుమ జెల్లీలో తెల్లటి గీత పడుతుంది.

పళ్ళేన్ని దీపానికి ఎత్తిపట్టింది. గీతలు రెండూ పడ్డాయి. అంతేకాదు, రెండూ ఒకదానికొకటి ఎదురొచ్చి, అతుకు కనబడకుండా ఒకే వంపుగా కలిసిపోయాయి. అవి అలా కలిశాయంటే రెండు చోట్లా ఉన్నది ఒకే వైరస్ అని అర్థం.

హైమ తల్లిమడి దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. పుదీనా పచ్చగా, ఒత్తుగా, ఎవరు చూసినా ముచ్చటపడేలా ఉంది. ఒక కొమ్మ తుంచి ఆకును ఎండకు అడ్డం పట్టింది. ఈనెల మధ్య లేత పసుపు నీడలు, ఉన్నాయా లేవా అన్నంత పల్చగా. బాగా ఎరువు తిని, నీళ్ళు తాగి బలిసిన మొక్క జబ్బును కడుపులో దాచుకుంది. దాని పిలకలు తీసుకుపోయి వెంకటనారాయణ తన చేలో నాటుకున్నాడు. అక్కడ చలి తగిలేసరికి ఆ జబ్బు పైకి వచ్చింది. మిగిలింది ఆకురసం పీల్చే పేనుబంక పురుగు చూసుకుంది. ఆకు నుంచి ఆకుకు, మడి నుంచి మడికి.

వెంకటనారాయణ ఒక్కడేనా? తొలకరికి ఎంతమంది వచ్చి పట్టుకుపోలేదూ!

"పొద్దున్నే వచ్చారే!"

వెనక నుంచి వినబడ్డ గొంతుకు ఉలిక్కిపడింది. వెంకటరామారావు. క్షేత్రానికి పెద్ద. రాళ్ళు ఏరించి, బావి తవ్వించి, ఒట్టి పొదల చోట ఈ క్షేత్రాన్ని నిలబెట్టినవాడు. హైమ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆడపిల్ల అడవిలో ఏం పనిచేస్తుందని నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించినవాడు కూడా ఆయనే. కొమ్మ చేతిలో పెట్టి, "లోపలికి వచ్చి చూడండి సార్," అంది.

ఆయన మూడు వరుసలూ చూశాడు. పళ్ళెం చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. బయట జీపు చప్పుడు వినిపించాక, తొందరగా రెండో వరుస కుండీలు ఎత్తి బల్ల కిందికి పెట్టడం మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నరు సార్?"

"మొదటి వరుస చూపించండి, మూడోది చూపించండి. కలుపుమందు కుండీ చూపించండి. రూప్లా మందు కొట్టలేదని తేలిపోతుంది. మీరు కోరుకున్నది అదే కదా? ఇందులో అబద్ధమేముంది?"

హైమ ఒక్క క్షణం తడబడింది. నిజమే, అందులో అబద్ధం లేదు. రూప్లా బయటపడతాడు. ద్వాలి ఇంటికి పోతుంది.

"మరి జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతరు కదా?"

"రూప్లా గుడిసె చుట్టూ దోస పాదులు, గుమ్మడి పాదులు ఉన్నాయి. ఈ వైరస్‌కు పుట్టిల్లే అది. అక్కడి నుంచి పేనుబంక మోసుకొచ్చిందంటే కాదనేవాడు లేడు. పాదులు పెట్టుకోవడం నేరం కాదు, వాణ్ణి ఎవరూ ఏమీ చెయ్యరు."

"చెయ్యరా సార్?"

ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. "హైమగారూ, ఈ క్షేత్రం ఎత్తేద్దామని పైన ఎప్పటి నుంచో అంటున్నారు. ఆ కుండీలు బయట పెట్టారో, వాళ్ళకు మనమే తాళం చెవి ఇచ్చినట్టు. మడిని నేను మెల్లగా తీసేయిస్తాను. కొత్త పిలకలు తెప్పిస్తాను. ఎవరికీ నష్టం లేకుండా పోతుంది."

"తొలకరికి తీసుకుపోయిన వాళ్ళ సంగతి?"

బయట ఎస్సై గొంతు వినిపిస్తోంది. వెంకటరామారావు చివరి కుండీ కూడా కిందికి దించి, దాని మీద గోనెపట్టా కప్పాడు.

"ఆలోచించుకోండి," అని తలుపు తీసుకుని ముందు నడిచాడు.

*

గది ముందరి పందిరి కింద జనం పోగయ్యారు. ఊరి రైతులు ఓ పదిమంది దాకా ఉంటారు. అందరికంటే ముందు వెంకటనారాయణ నిలబడ్డాడు, తెల్లపంచె, భుజాన కండువా. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. వాళ్ళకు దూరంగా, గేటు దగ్గరి స్తంభానికి ఆనుకుని ద్వాలి నిలబడింది. అద్దాల రైక, ముంజేతులకు తెల్లగాజులు. ఇవాళ కూర్చోలేదు.

"మేడం, ఒక్క మాటల చెప్పుండ్రి," అన్నాడు ఎస్సై. "మందా, రోగమా?"

హైమ మొదటి వరుసా, మూడో వరుసా, విడి కుండీ తెచ్చి బయటి బల్ల మీద పెట్టించింది. దేని మీద ఏం రుద్దిందో అందరికీ తెలిసే మాటల్లో చెప్పింది. రైతులు ఒక్కొక్కరే వచ్చి వంగి చూశారు. బొబ్బరాకు వాళ్ళకు కొత్త కాదు గానీ, దాన్ని ఇంత దీక్షగా వాళ్ళెప్పుడూ చూసి ఉండరు.

"ఇది రోగం," అంది హైమ. "వైరస్. మందు కాదు. మందు పడ్డ ఆకు గిట్ల ముడుచుకుంటది, చుక్కలు రావు."

"మందు పడ్డ ఆకు పసరు రుద్దితే మాత్రం మచ్చలు పడవని ఏంటమ్మాయ్ నమ్మకం?" వెంకటనారాయణ అడిగాడు. "వాడు పంపు వీపున వేసుకుని నా గట్టు మీద పోవడం ఈ కళ్ళతో చూశాను. నువ్వేమో ఆకులు చూపిస్తున్నావ్."

"రుద్ది చూసిన బాబాయ్. ఈ మూడో వరుసలో చివర ఉన్న మొక్క చూడండి. దాని మీద రుద్దింది మందు పడ్డ ఆకు పసరే. ఏమన్నా ఉందా?"

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆకు కిందికి వేలు పెట్టి తిప్పి చూశాడు. నిటారుగా నిలబడేసరికి ముఖంలో కోపం తగ్గలేదు గానీ అది ఎవరి మీద పెట్టుకోవాలో తెలియనట్టు చూశాడు.

"సరే, రోగమే అనుకుందాం. ఎక్కడి నుంచి వచ్చింది? నేను నాటినవి సంతలో కొన్న పిలకలు కావు. గవర్నమెంటు తోటలోవి. వెంకటరామారావుగారు దగ్గరుండి తీయించి ఇచ్చారు. మరి నా చేలోకి రోగం నడిచొచ్చిందా?"

వెంకటరామారావు గొంతు సవరించుకున్నాడు. "పేనుబంక మోసుకొస్తుంది నారాయణగారూ. చుట్టుపక్కల దోస, గుమ్మడి లాంటి పాదులుంటే..."

ఆ మాట పూర్తికాలేదు. వెంకటనారాయణ తల గిర్రున గేటు వైపు తిరిగింది.

"రూప్లా గుడిసె చుట్టూ అవే కదండీ ఉన్నది! చూశారా, ఎటు తిప్పి చూసినా వాడి మూలానే! మందు కొట్టకపోయినా వాడి చేతిలోనే చచ్చింది నా చేను." పక్కనున్న రైతులతో అన్నాడు, "ఇవాళే ఆ పాదులు పీకించేద్దాం. అసలు ఆ గుడిసె అక్కడుండబట్టే కదా ఇదంతా."

"గుడిసె జోలికి రాకుండ్రి అయ్యా," అంది ద్వాలి. గొంతు పెద్దది చేయలేదు. "కాయలు అమ్ముకుంటనే గదా నేను ఠాణాకాడికి బువ్వ తీస్కపోతున్నది."

వెంకటరామారావు నేల చూపులు చూస్తున్నాడు. రైతుల్లో ఇద్దరు అప్పుడే గేటు వైపు అడుగేశారు.

హైమ గదిలోకి వెళ్ళింది. గోనెపట్టా లాగి అవతల పడేసింది. రెండు కుండీలు చెరో చంకన పెట్టుకుని బయటికి వచ్చి, మొదటి వరుస పక్కన పెట్టింది. మళ్ళీ వెళ్ళి మరో రెండు తెచ్చింది. ఆమె చీర కుచ్చెళ్ళు మట్టి కొట్టుకుపోయాయి. నాలుగో కుండీ పెట్టేటప్పటికి పందిరి కింద ఎవరూ కదలడం లేదు.

"ఇవి కూడా చూడండి," అంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. "ఇవి కూడా చుక్కలే. ఈ ఆకుల మీద రుద్దిన పసరు రూప్లా చేలోది కాదు, మీ చేలోదీ కాదు. మా తల్లిమడిలోది."

"హైమగారూ!" అన్నాడు వెంకటరామారావు.

"జబ్బు మా మడిలో ఉంది బాబాయ్. మేమిచ్చిన పిలకల్లోనే మీ చేలోకి వచ్చింది. మీ జబ్బూ, మా జబ్బూ ఒక్కటే. లోపల పళ్ళెంలో కూడా అదే తేలింది. ఆ దోస పాదులకు కూడా మీ చేలోంచే సోకి ఉండొచ్చు."

వెంకటనారాయణ ఆ కుండీల ముందుకు వచ్చాడు. ఈసారి వంగలేదు. కండువా భుజం మీంచి జారి కింద పడింది, తీసుకోలేదు.

"సత్తుపల్లిలో మా అల్లుడికి నా చేలోంచే పిలకలు పంపాను," అన్నాడు. ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలియనట్టుంది. "వద్దు మావయ్యా, మిరప వేసుకుంటానన్నాడు. గవర్నమెంటు పిలకలురా, బంగారం లాంటివి, వెయ్యమని నేనే పోరాను." చప్పున వెంకటరామారావు వైపు తిరిగాడు. "ఏమండీ? మీ చేత్తో ఇచ్చారు కదండీ. కొబ్బరికాయ కొట్టి మరీ ఇచ్చారు. ఇప్పుడు ఆ ఆడమనిషి పాదుల మీదికి తోసేద్దామని చూశారా?"

"ఇది తొలి పరీక్ష మాత్రమే. ఈ ఫలితంతో నేను ఏకీభవించను," అన్నాడు వెంకటరామారావు. ముఖం పాలిపోయింది. "పెద్ద ల్యాబుకు పంపితే గానీ ఏదీ ఖాయంగా చెప్పలేం. హైమగారు తొందరపడ్డారు."

"పంపుదాం సార్. ఇవాళే పంపుదాం. కానీ ఇవాళ్టి నుంచి ఈ మడిలోంచి ఒక్క పిలక కూడా బయటికి పోవద్దు."

ఆయన ఆమె వైపు చూసిన చూపులో కోపం కంటే ఇంకేదో ఎక్కువ ఉంది. భయమని హైమకు అనిపించింది, కానీ ఈ మనిషికి ఇంత భయం దేనికో అర్థం కాలేదు. ఆయన ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"దీనికి మందు లేదా అమ్మాయ్?" అడిగాడు వెంకటనారాయణ. గొంతులోని అధికారమంతా ఇంకిపోయింది.

"లేదు బాబాయ్. పేనుబంకకు మందుంది, వైరస్‌కు లేదు. మొక్కలన్నీ పీకి తగలబెట్టాలె. అల్లుడుగారికి కూడా ఇవాళే కబురు పెట్టండి, ఆయన ఇంకెవరికీ పిలకలు ఇవ్వకముందే."

ఆయన తల ఊపాడు. కింద పడ్డ కండువాను ఎవరో తీసి భుజాన వేశారు. ద్వాలి ఉన్న వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, గేటు దాటేటప్పుడు ఆమెకు దూరంగా జరిగి వెళ్ళాడు. పాదులు పీకుదామని అడుగేసిన వాళ్ళు ఆయన వెంటే నడిచారు.

ద్వాలి హైమ దగ్గరికి వచ్చింది. కుండీల వంక కన్నెత్తి కూడా చూడలేదు.

"మేడం, గివన్నీ నాకు తెల్వయి. నా మొగున్ని ఎప్పుడు ఇడుస్తరు?"

ఎస్సై టోపీ సర్దుకున్నాడు. "మేడం, మందు కాదని మీరు నా ముంగట చెప్పిండ్రు. ఠాణాకు వచ్చి గా మాటే ఇంకోసారి చెప్పుండ్రి. ఇప్పుడే ఇడిచిపెడత."

*

జీపులో ద్వాలి వెనక సీటు అంచున కూర్చుంది. ఊరు దాటాక, "సన్నబియ్యం బువ్వ తెద్దును, ఇయ్యాల ఇడుస్తరని తెల్వకపాయె," అని తనలో తను అనుకుంది. హైమకు నవ్వొచ్చింది, అంతలోనే కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. రేపు పొద్దున వెంకటరామారావు ముఖం ఎలా చూడాలో అంతకన్నా తెలియదు. కానీ ఈ మనిషి సాయంత్రానికి తన గుడిసెలో పొయ్యి వెలిగించుకుంటుంది. అది చాలనిపించింది.

ఠాణా వెనక గదిలో గోడకు ఆనుకుని రూప్లా కూర్చున్నాడు. గడ్డం మాసింది. ఒంటి మీద దెబ్బలేమీ కనబడలేదు. భార్యను చూసి లేవబోయి, హైమను చూసి ఆగిపోయాడు.

"లెవ్వురా," అన్నాడు ఎస్సై. "మేడం నిన్ను బయటేసింది. చేను మందుతోటి పోలేదు, రోగంతోటి పోయింది. గా రోగం గవర్నమెంటు తోటలకెల్లి వచ్చిందంట. నీకేం సంబంధం లేదు. ఇగ పో."

ద్వాలి వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది. రూప్లా లేవలేదు.

"గవర్నమెంటు తోటలకెల్లి వచ్చిందా మేడం?"

"అవ్ రూప్లా. మా పుదీనా మడిలోనే ఉంది."

అతని ముఖంలో విడుదలైన మనిషి వెలుగు రాలేదు. ఉన్న నెత్తురు కూడా దిగిపోయింది. భార్య చేతిలోంచి చెయ్యి మెల్లగా తీసుకున్నాడు.

"మేడం, ఒక మాట అడగాలె. కలుపుమందు కొడితే రోగం పుడతదా? కొట్టినకాడ కాకుంటే పక్కపొంట మడికి అంటుకుంటదా?"

"పుట్టదు. మందు వేరు, రోగం వేరు. ఎందుకు అడుగుతున్నవ్?"

అతను ఎస్సై వంక చూశాడు, ద్వాలి వంక చూశాడు. "అయితే నా వల్ల కాలేదన్నట్టు," అన్నాడు. "మీ తోటల మందు కొట్టింది నేనే మేడం."

ద్వాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా తోటలోనా? ఎప్పుడు?"

"పోయిన ఎండాకాలం. మీరప్పుడు ఊరికి పోయుంటిరి. తూర్పు దిక్కు పుదీనా మడి ఒకటి ఉండె, బాయి పక్కపొంట. ఆకులు సన్నగ దారం లెక్క అయి ముడుసుకపోయినయి, ఇప్పుడు నారాయణ చేను ఉన్నట్టే. పెద్దసారు నన్ను పిలిచి చూపెట్టిండు. మొత్తం మాడిపోవాలె, వేరు గూడ మిగలొద్దు, ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. వాచ్‌మన్ పని ఇప్పిస్త అన్నడు. నేను గా ఒక్క మడే కొట్టిన మేడం. పక్క మడిల జోలికి పోలే. అవి పచ్చగనే ఉండె, తొలకరికి గవ్విట్లకెల్లే పిలకలు తీసిచ్చిండ్రు."

తొలకరికి ముందే. ఒక్క పిలక కూడా రైతు చేతికి పోకముందే ఆయనకు తెలుసు. జబ్బు మడిని మాడ్చేసి, దాని పక్కమడిని కొబ్బరికాయ కొట్టి పంచిపెట్టాడు.

"గీ మాట ఇంకెవరికి చెప్పినవ్ రూప్లా?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఎవ్వరికీ చెప్పలే. నన్ను గీడికి తెచ్చిన దినాన ఒక్క సారుకే చెప్పిన. ఇంకెవ్వరికీ చెప్పొద్దన్నడు."

"ఏ సారుకు?"

రూప్లా కళ్ళు మెల్లగా హైమ భుజం మీదుగా వెనక్కి వెళ్ళి ఆగాయి.

హైమ తిరిగి చూసింది. ఎస్సై అప్పటికే గది తలుపు మూసి, లోపలి గడియ పెడుతున్నాడు.